సేవామూర్తి దుర్గాబాయి దేశ్‌ముఖ్

చెన్నై నగరంలోని అడయారు ప్రాంతంలో ఆంధ్ర మహిళా సభ అనే సంస్థ ఉంది. తెలుగునాటికి వెలుపల, తమిళనాడు రాజధానిలో, ఒక తెలుగు వనిత పూనికతో వెలసిన సంస్థ అది. అక్కడ రోగులకు ఆసుపత్రి ఉంది. విద్యాసంస్థలు ఉన్నాయి. కాళ్లూ చేతులూ సరిగా పనిచేయని పిల్లలకు చికిత్స చేసే కేంద్రం ఉంది. దానిని స్థాపించిన వనిత దుర్గాబాయి. మద్రాసులో కొద్దిమంది బాలికలకు చదువు చెప్పడంతో మొదలైన ఆమె సేవ, స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దేశంలోని ఎన్నో పల్లెలకు చేరింది. పసిపిల్లల ఆరోగ్యానికీ, వారి తొలి చదువుకూ, వారి తల్లుల బాగుకూ ప్రభుత్వ ధనం ప్రజల చేతుల మీదుగా అందే ఏర్పాటు చేసిన ఘనత ఆమెది.

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో జన్మించింది. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఆమె బాల్యం ఎక్కువగా కాకినాడలో గడిచింది. రామారావు గారు పరోపకారి. ఆ రోజుల్లో కలరా, ప్లేగు వంటి వ్యాధులు తరచుగా వచ్చేవి. ఒక ఇంట్లో కలరా సోకిందంటే చుట్టాలు సైతం ఆ గడప తొక్కడానికి జంకేవారు. అటువంటి సమయంలో రామారావు గారు రోగుల వద్దకు వెళ్లి సేవ చేసేవారు. ఇతరుల కష్టాన్ని తన కష్టంగా తలచే గుణం దుర్గాబాయికి తండ్రి నుంచే అబ్బింది. తల్లి కృష్ణవేణమ్మ గారు కూడా ధైర్యశాలి. తరువాతి కాలంలో ఆమె స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నారు.

ఆనాటి ఆచారాన్ని అనుసరించి దుర్గాబాయికి ఎనిమిదవ ఏటనే పెళ్లి చేశారు. పెళ్లి అంటే ఏమిటో తెలియని వయస్సు అది. ఊహ తెలిసిన తరువాత ఆమె ఆ సంబంధాన్ని అంగీకరించలేకపోయింది. తన మార్గం వేరని, తాను సేవకూ చదువుకూ జీవితాన్ని అంకితం చేయదలచానని స్పష్టంగా చెప్పింది. అప్పట్లో ఒక ఆడపిల్ల ఆ మాట అనడానికి ఎంతో ధైర్యం కావాలి. లోకం ఏమనుకుంటుందోనని రామారావు గారు వెనుకాడలేదు. తండ్రీ, తమ్ముడు నారాయణరావూ ఆమెకు అండగా నిలిచారు. కుటుంబం తోడు నిలిస్తే ఒక బాలిక జీవితం ఎలా మారుతుందో దుర్గాబాయికి తన అనుభవం వల్లనే తెలిసింది.

ఆమె బడి చదువు కూడా సాఫీగా సాగలేదు. ఇంగ్లీషు మాధ్యమంలో చదవాలన్న నిబంధనకు నిరసనగా చిన్న వయస్సులోనే బడి మానివేసింది. అయినా చదువు మీద ఆసక్తి తగ్గలేదు. పట్టుదలతో హిందీ నేర్చుకొంది. నేర్చుకొన్నదానిని తనలోనే దాచుకోక, బాలికా హిందీ పాఠశాలను నెలకొల్పి తోటి బాలికలకూ స్త్రీలకూ హిందీ నేర్పింది. తనకు తెలిసిన నాలుగు ముక్కలు నలుగురికీ చెప్పాలన్న ఈ తపన ఆమెలో జీవితాంతం నిలిచింది.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడకు వస్తున్నారని తెలిసింది. దుర్గాబాయికి అప్పుడు పన్నెండో ఏడు నడుస్తున్నది. ఆ ఊరిలో దేవదాసీలనే పేరుతో సంఘం చిన్నచూపు చూసిన స్త్రీలు ఉండేవారు. పరదా దాటి బయటికి రాని ముస్లిం స్త్రీలు ఉండేవారు. వారిని ఎవరూ సభలకు పిలిచేవారు కారు. గాంధీజీ మాటలు వారు కూడా వినాలని దుర్గాబాయి కోరిక. ఆమె నిర్వాహకుల వద్దకు వెళ్లి అడిగింది. జాతీయ నిధికి ఐదు వేల రూపాయలు సమర్పించగలిగితే ఆ స్త్రీల సభకు గాంధీజీ సమయంలో కొన్ని నిమిషాలు కేటాయిస్తామని వారు అన్నారు. ఆ రోజుల్లో ఐదు వేలంటే చాలా పెద్ద మొత్తం. చిన్న పిల్ల అంత సొమ్ము తేగలదని వారు అనుకొని ఉండరు.

దుర్గాబాయి ఆ స్త్రీల వద్దకు వెళ్లి విషయం చెప్పింది. వారు సంతోషంతో ముందుకు వచ్చి సొమ్ము పోగుచేశారు. సభ జరిగింది. కొద్ది నిమిషాలు ఉండవలసిన గాంధీజీ అనుకొన్నదానికంటె ఎక్కువ సేపు అక్కడ మాట్లాడారు. ఆయన మాటలకు కరిగిపోయిన స్త్రీలు ఒంటి మీది నగలు తీసి జాతీయ నిధికి ఇచ్చారు. నగలతో కలిపి ఆ నిధి సుమారు ఇరవై ఐదు వేల రూపాయలయింది. దుర్గాబాయి కూడా తన బంగారు గాజులు తీసి ఇచ్చింది. గాంధీజీ ప్రసంగాన్ని ఆమె తెలుగులో చెప్పిన తీరు ఆయనకు నచ్చింది. అక్కడి నుంచి పెద్ద సభకు తన వెంట తీసుకొనిపోయి, ఆ ప్రసంగాన్ని కూడా ఆమె చేతనే తెలుగులో చెప్పించారు.

ఈ సంఘటన దుర్గాబాయికి గొప్ప పాఠం నేర్పింది. సంఘం ఎవరిని ఎందుకూ కొరగానివారని అనుకొంటున్నదో, వారే మనస్ఫూర్తిగా నమ్మిన పనికి ఉన్నదంతా ఇవ్వగలరు. వారిని అడిగేవారు కావాలి. వారికి పాత్ర ఇచ్చేవారు కావాలి. తరువాతి కాలంలో ఆమె చేపట్టిన ప్రతి పనిలోనూ ఈ నమ్మకం కనిపిస్తుంది.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. ఆ సందర్భంగా ఏర్పాటు చేసిన ప్రదర్శనశాల ద్వారం వద్ద దుర్గాబాయి స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడింది. టికెట్టు లేనివారిని లోపలికి పంపవద్దని ఆమెకు చెప్పి ఉంచారు. ఇంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన వద్ద టికెట్టు లేదు. పద్నాలుగేళ్ల దుర్గాబాయి ఆయనను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు కంగారుపడ్డారు. టికెట్టు కొన్న తరువాతనే ఆమె దారి విడిచింది. నెహ్రూ కోపగించుకోలేదు. కర్తవ్యం పట్ల ఆ బాలికకు గల నిష్ఠను మెచ్చుకొన్నారు. ప్రజల కార్యంలో నియమం అందరికీ ఒక్కటేనని, ఎంత పెద్దవారైనా లెక్కకు లోబడవలసిందేనని ఆమె చిన్నతనంలోనే గ్రహించింది.

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. దుర్గాబాయి మద్రాసులో ఉద్యమంలోకి దూకింది. ప్రభుత్వం ఆమెను అరెస్టు చేసింది. 1930–33 మధ్య ఆమె మూడుసార్లు జైలుకు వెళ్లింది. వేలూరు, మధుర జైళ్లలో శిక్ష అనుభవించింది. మధుర జైలులో ఒంటరి కొట్టులో గడిపింది. దానితో ఆమె ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది.

జైలులో ఆమె ఎందరో సాధారణ స్త్రీ ఖైదీలను చూసింది. వారిలో చాలామంది నిరక్షరాస్యులు. తమ మీద మోపిన నేరమేమిటో కూడా కొందరికి తెలియదు. కోర్టులో ఏమి చెప్పుకోవాలో తెలియక, వాదించేవారు లేక, చేయని నేరానికి శిక్ష అనుభవిస్తున్నవారూ వారిలో ఉన్నారు. వారి దుఃఖం దుర్గాబాయిని కదిలించింది. చదువు లేకపోవడమే స్త్రీల కష్టాలకు పెద్ద కారణమని ఆమెకు తోచింది. తాను న్యాయశాస్త్రం చదివి ఇటువంటివారికి సహాయపడాలని నిశ్చయించుకొంది.

కాని ఆమెకు అప్పటికి మెట్రిక్యులేషను కూడా లేదు. జైలు నుంచి వచ్చేనాటికి ఇరవై నాలుగేళ్లు. ఆ వయస్సులో మళ్లీ పలకా బలపం పట్టినట్లే పాఠాలు మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి చదవవలసిన పాఠాలను తక్కువ కాలంలో చదివి, బెనారసు హిందూ విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గింది. తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివి పట్టం పొందింది. అక్కడ అప్పటికి విద్యార్థినులకు వసతి గృహం లేదు. ఆమె తోటి విద్యార్థినులను కూడగట్టి ఆ లోటు తీరేట్లు చేసింది. 1942లో మద్రాసులో న్యాయశాస్త్రంలో పట్టభద్రురాలై న్యాయవాది అయింది.

ఆమె ఒంటరిగా చదువుకోలేదు. మద్రాసు మైలాపూరులో చుట్టుపక్కల పిల్లలను చేరదీసి ఒక బాలల సంఘం నడిపింది. బాలికలు అక్కడికి వచ్చి హిందీ నేర్చుకొనేవారు. మద్రాసులో ఆనాడు తెలుగువారు చాలామంది ఉండేవారు. వారి ఆడపిల్లల్లో కొందరు మధ్యలోనే చదువు మానివేసినవారు. మళ్లీ బడిలో చేరడానికి వయస్సు మీరింది. తాను దాటిన దారినే వారినీ దాటించాలని ఆమె తలచింది. బెనారసు మెట్రిక్యులేషనుకు వారిని సిద్ధం చేయసాగింది. ఈ పని నుంచే 1937లో ఆంధ్ర మహిళా సభ పుట్టింది.

మహిళా సభకు మొదట్లో పెద్ద నిధులు లేవు. దుర్గాబాయి దాతల ఇండ్లకు వెళ్లి సభ అవసరాలు చెప్పేది. కలిగినవారు ఎక్కువ ఇచ్చారు, లేనివారు తమకు చేతనైనంత ఇచ్చారు. క్రమంగా చదువుతో పాటు చేతిపనులు నేర్పే ఏర్పాటు జరిగింది. ప్రసవాలకూ, తల్లీబిడ్డల ఆరోగ్యానికీ వైద్యశాల వచ్చింది. ఆంధ్ర మహిళ అనే పత్రికను కూడా ఆమె నడిపింది. పదేళ్లు తిరిగేసరికి మద్రాసులోని పేరుపొందిన సేవాసంస్థల్లో ఆంధ్ర మహిళా సభ ఒకటయింది. తెలుగువారి పేరున వెలసినా దాని సేవలు ఆ నగర ప్రజలందరికీ అందాయి.

1946లో దుర్గాబాయి భారత రాజ్యాంగ సభకు మద్రాసు నుంచి ఎన్నికైంది. ఆ సభలోని కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు. అధ్యక్షుడు లేని వేళ సభను నడిపే అధ్యక్షవర్గంలో చోటు పొందిన ఏకైక మహిళ ఆమెయే. చర్చలలో చురుకుగా పాల్గొని ఎన్నో సవరణలు ప్రతిపాదించింది. న్యాయస్థానాల స్వతంత్రత కోసం, స్త్రీల హక్కుల కోసం, బాలల రక్షణ కోసం వాదించింది.

1952లో ఆమె ప్రణాళికా సంఘంలో సభ్యురాలయింది. సాంఘిక సంక్షేమం ఆమె బాధ్యతలలో ముఖ్యమైనది. 1953 జనవరిలో ఆనాటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం జరిగింది. ఆయన మహారాష్ట్రుడు, గొప్ప విద్వాంసుడు, రిజర్వు బ్యాంకు గవర్నరు పదవిని పొందిన తొలి భారతీయుడు. వారి వివాహానికి నెహ్రూ సాక్షిగా సంతకం చేశారు. తెలుగింటి ఆడపడుచు మరాఠీ ఇంటి కోడలయింది. ఆనాటి నుంచి ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ప్రసిద్ధి పొందింది.

స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలో దేశంలో పసిపిల్లల స్థితి దయనీయంగా ఉండేది. పల్లెటూళ్లలో ఆసుపత్రులు లేవు. శిక్షణ లేని మంత్రసానులే ప్రసవాలు చేసేవారు. పురిటిలోనే కన్నుమూసే తల్లులు ఎందరో. మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయే శిశువులు ఎందరో. కూలికి పోయే తల్లి పసివాడిని చెట్టు కొమ్మకు కట్టిన ఉయ్యాలలోనో, అక్క చంకనో వదిలి వెళ్లేది. ఆ అక్కకు కూడా ఏడెనిమిదేళ్లే ఉండేవి. తమ్ముణ్ణి ఎత్తుకొన్నందువల్ల ఆమెకు బడి తప్పిపోయేది.

ఇటువంటివారికి సేవ చేసే సంస్థలు దేశంలో లేకపోలేదు. అనాథ శరణాలయాలు, శిశు విహారాలు, మహిళా సమాజాలు అక్కడక్కడ ఉన్నాయి. దయగల కొందరు వాటిని నెలకొల్పారు. కాని చందాలు తగ్గితే దీపం కొండెక్కినట్లు అవి మూతపడేవి. ఒక ఊరిలో రెండు సంస్థలు ఉంటే, పక్క జిల్లాలో ఒక్కటి కూడా ఉండేది కాదు. ఏ సంస్థ ఎక్కడ ఉన్నదో, ఏ పని చేస్తున్నదో తెలిపే లెక్క కూడా సరిగా ఉండేది కాదు.

ప్రభుత్వమే అన్నిచోట్లా ఉద్యోగులను నియమించి ఈ పనులు చేయవచ్చు గదా అన్న ఆలోచన సహజంగా వస్తుంది. దుర్గాబాయి ఆలోచన వేరు. పసిబిడ్డను సాకడం, తల్లికి ధైర్యం చెప్పడం ఆజ్ఞలతో జరిగే పనులు కావు. ఆ ఊరివారికి ఆ పని తమదని అనిపించాలి. అట్లా అని సేవ చేసేవారిని వారి చందాల జోలెకే వదిలివేయరాదు. ప్రభుత్వ ధనమూ, ప్రజల పూనికా కలవాలి. ఆంధ్ర మహిళా సభను నడిపిన అనుభవం ఆమెకు ఈ సంగతి నేర్పింది. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ సొమ్మును సక్రమంగా పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ దాని మొదటి అధ్యక్షురాలు.

ఆ బోర్డులో ప్రభుత్వాధికారుల కంటె సంఘసేవకులే ఎక్కువ. దేశంలోని సేవాసంస్థల అవసరాలను తెలుసుకోవడం, వాటికి గ్రాంటు ఇవ్వడం, ఇచ్చిన గ్రాంటుతో జరిగిన పనిని పరిశీలించడం, సంస్థలు లేని చోట కొత్తవాటిని ప్రోత్సహించడం బోర్డు పనులు. 1954 నుంచి రాష్ట్రాలలో కూడా సలహా బోర్డులు ఏర్పడ్డాయి. దూరాన ఢిల్లీలో ఉన్న బోర్డుకు ఒక చిన్న పట్టణంలోని శిశువిహారం సంగతి ఈ రాష్ట్ర బోర్డుల ద్వారా తెలిసేది.

గ్రాంటు అంటే తిరిగి చెల్లించవలసిన అప్పు కాదు. ఒక మంచి పని సాగడానికి ఇచ్చే సహాయధనం. అయితే అడిగిన ప్రతివారికీ అది దొరకదు. సంస్థకు బాధ్యత గల కార్యవర్గం ఉండాలి. రాబడి, ఖర్చుల లెక్కలు సరిగా ఉండాలి. కులమత భేదం లేకుండా సేవ చేయాలి. తన వంతుగా కొంత సొమ్ము సంస్థ కూడా సమకూర్చుకోవాలి. పిల్లలకు పాలు, మందులు, ఆటవస్తువులు, ఉపాధ్యాయినికి జీతం, గదికి మరమ్మతు వంటి అవసరాలకు ఈ సహాయం ఉపయోగపడింది. పెద్ద సంస్థకు చిన్నదిగా కనిపించే మొత్తం, మూతపడబోతున్న చిన్న సంస్థకు ప్రాణం పోసింది.

కొద్ది కాలంలోనే దుర్గాబాయి ఒక లోపాన్ని గమనించింది. గ్రాంటు సంస్థలకే అందుతుంది. సంస్థలు ఎక్కువగా పట్టణాలలోనే ఉన్నాయి. సహాయం ఎక్కువ అవసరమైన పల్లెల్లో దరఖాస్తు పెట్టడానికి సంస్థే లేదు. దరఖాస్తు రాయగలవారు కూడా లేరు. ఈ పద్ధతినే నమ్ముకొని కూర్చుంటే ఉన్నవారికే మరికొంత చేరుతుంది. పల్లెలోని తల్లి ఎప్పటివలెనే ఉండిపోతుంది. దీనికి విరుగుడుగా 1954 ఆగస్టు 15న సంక్షేమ విస్తరణ పథకాలు ప్రారంభమయ్యాయి.

ఒక్కొక్క పథకం కింద సుమారు 25 గ్రామాలు, 20 వేల జనాభా ఉండేవి. ఆ పథకాన్ని నడపడానికి ఒక కమిటీ ఉండేది. అందులో ఎక్కువమంది ఆ ప్రాంతపు మహిళలే. పథకానికి అయ్యే ఖర్చులో కేంద్ర బోర్డు ఒక భాగం, రాష్ట్ర ప్రభుత్వం ఒక భాగం భరించేవి. మిగిలినది గ్రామస్థులు సమకూర్చుకోవాలి. గ్రామసేవికలకు కస్తూర్బా గాంధీ స్మారక నిధి సంస్థ శిక్షణ ఇచ్చింది. వారికి తోడుగా ప్రసవాలు చేయడంలో శిక్షణ పొందిన స్త్రీలు, చేతిపనులు నేర్పేవారు ఉండేవారు.

ఈ పథకాలకు గుండెకాయ వంటిది బాలవాడి. బడి ఈడు రాని పిల్లలు అక్కడ చేరేవారు. గ్రామసేవిక పిల్లల ముఖం, చేతులు కడిగించేది. గోళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసేది. ఆటలు ఆడించేది, పాటలు నేర్పేది, కథలు చెప్పేది. ఆటపాటలతోనే రంగులు, అంకెలు, మంచి అలవాట్లు పిల్లలకు పట్టుబడేవి. బాలవాడి ఉన్న చోట కూలికి పోయే తల్లికి నిశ్చింత. బిడ్డను ఎత్తుకొని తిరిగే అక్కకు బడికి పోయే వీలు.

మధ్యాహ్నం వేళ గ్రామసేవిక స్త్రీలను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. కుట్టుపని, అల్లిక వంటివి నేర్పే ఏర్పాటు ఉండేది. గర్భిణి ఏమి తినాలి, పురిటి గదిని ఎంత శుభ్రంగా ఉంచాలి, పసిబిడ్డకు విరేచనాలైతే ఏమి చేయాలి అన్న విషయాలు చెప్పేవారు. బిడ్డ ఆరోగ్యం, బిడ్డ చదువు, తల్లి బాగు వేరు వేరు కావని దుర్గాబాయి నమ్మింది. తల్లికి అక్షరం రాకుండా, చేతిలో నాలుగు డబ్బులు ఆడకుండా బిడ్డ ఒక్కడే బాగుపడడు. అందువల్లనే ఈ మూడు పనులూ ఒకే కప్పు కింద జరిగాయి.

అన్నిచోట్లా పని సులభంగా సాగలేదు. ఊరి వాటా సమకూర్చడం పేద గ్రామాలకు భారమయింది. డబ్బు ఇవ్వలేని చోట గది ఇవ్వడం, శ్రమదానం చేయడం వంటి మార్గాలు వెతకవలసి వచ్చింది. ఆడపిల్లను పొరుగూరికి గ్రామసేవికగా పంపడానికి తల్లిదండ్రులు సంకోచించేవారు. 1957 నుంచి ఈ పథకాలను సమాజాభివృద్ధి పథకంతో కలిపి నడిపారు. తరువాత కొన్ని కేంద్రాలను గ్రామాలలోని మహిళా మండలులకు అప్పగించారు. మండలి బలంగా ఉన్న చోట పని నిలిచింది. బలం చాలని చోట కుంటుపడింది. డబ్బు ఒక్కటే చాలదని, నడిపేవారిని కూడా తయారుచేయాలని ఈ అనుభవం తెలిపింది.

నడిపేవారిని తయారుచేయడం ఎలా? గ్రామసేవికకు, నర్సుకు, బాలవాడి ఉపాధ్యాయినికి కొంత చదువు ఉండాలి. పల్లెల్లో అటువంటి స్త్రీలు దొరకడం లేదు. పట్టణాల్లో చదివినవారు పల్లెలకు రావడం లేదు. ఈ చిక్కుకు సమాధానం దుర్గాబాయికి తన జీవితంలోనే దొరికింది. ఆమె స్వయంగా బడి మానివేసి, పెద్దయిన తరువాత తక్కువ కాలంలో మెట్రిక్యులేషను చదివింది. మద్రాసులో ఎందరో స్త్రీలను అదే దారిలో నడిపింది. 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా శిక్షణ తరగతులను ప్రారంభించింది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలు, వితంతువులు, భర్త విడిచిపెట్టినవారు రెండు మూడేళ్లలో పరీక్షకు సిద్ధం కావడానికి వీలు కలిగింది. ఈ తరగతులు నడిపే స్వచ్ఛంద సంస్థలకు బోర్డు గ్రాంటు ఇచ్చింది. అలా చదివిన స్త్రీలకు ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా ఉద్యోగాలు పొందే దారి తెరుచుకొంది. సహాయం పొందినవారే సహాయం చేసేవారుగా మారారు.

1958లో కేంద్ర ప్రభుత్వం స్త్రీ విద్యపై ఒక జాతీయ సంఘాన్ని నియమించింది. దుర్గాబాయి దానికి అధ్యక్షత వహించింది. బాలికల చదువుకు ప్రత్యేక శ్రద్ధ, ప్రత్యేక నిధులు అవసరమని ఆ సంఘం 1959లో నివేదించింది. ఆ తరువాత ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా మండలికి కూడా ఆమె తొలి అధ్యక్షురాలయింది. కుటుంబ తగాదాలు సాధారణ కోర్టులలో ఏళ్ల తరబడి నలగడం వల్ల తల్లులూ పిల్లలూ నష్టపోతున్నారని ఆమె గ్రహించింది. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాల పద్ధతిని చూసింది. మన దేశంలో కూడా అటువంటివి కావాలని పెద్దల దృష్టికి తెచ్చింది. ఆమె మరణించిన తరువాత 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది.

ఆంధ్ర మహిళా సభను ఆమె ఏనాడూ మరచిపోలేదు. హైదరాబాదులో కూడా సభ శాఖ వెలసింది. అక్కడ ఆసుపత్రి, మహిళా కళాశాలలు, అక్షరాస్యతకు సంబంధించిన సంస్థలు ఏర్పడ్డాయి. అక్షరాస్యతా రంగంలో చేసిన సేవకు ఆమె నెహ్రూ అక్షరాస్యతా పురస్కారాన్ని పొందింది. 1975లో దుర్గాబాయి, దేశ్‌ముఖ్ దంపతులిద్దరికీ భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ బిరుదు ఇచ్చి గౌరవించింది. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూసింది.

1975 అక్టోబరు 2న భారత ప్రభుత్వం 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకాన్ని ప్రారంభించింది. దాని కింద అంగన్‌వాడీలు ఏర్పడ్డాయి. పసిపిల్లలకు పోషకాహారం, టీకాలు, తొలి చదువు, తల్లులకు ఆరోగ్య బోధ ఒకేచోట అందించడం వాటి పని. ఆ పథకం క్రమంగా దేశమంతటా వ్యాపించింది. బిడ్డనూ తల్లినీ కలిపి చూడాలన్న ఆలోచనను అంతకు రెండు దశాబ్దాల ముందే బాలవాడీలు పల్లెలలో ఆచరించి చూపాయి. దుర్గాబాయి నెలకొల్పిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు దాదాపు ఏడు దశాబ్దాలు పనిచేసి 2022లో మూతపడింది. ఆ బోర్డు చేయూతతో చదువుకొన్న స్త్రీలూ, ఆ బాలవాడీలలో పెరిగిన పిల్లలూ ఎన్నో రాష్ట్రాలలో ఉన్నారు.

కాకినాడలో ఒక బాలిక, ఎవరూ పట్టించుకోని స్త్రీల వద్దకు వెళ్లి ఒక మంచి పనికి సహాయం అడిగింది. వారు కాదనలేదు. పెద్దయిన తరువాత ఆ బాలికే దేశం సొమ్మును పంచే స్థానంలో కూర్చుంది. అప్పుడు కూడా ఆమె పేదలను చేయిచాచేవారిగా చూడలేదు. ఊరివారు తమ వాటా వేస్తే ప్రభుత్వం తన వాటా వేయాలని, ఆ రెండూ పసిబిడ్డ పాలగిన్నె వరకూ చేరాలని కోరుకొంది. బాల్యంలోనే పెళ్లి అయి, బడి మానివేసిన ఆమె, అటువంటి కష్టం మరొక బాలికకు రాకూడదని జీవితమంతా పాటుపడింది. తెలుగువారు ఏ రాష్ట్రంలో ఉన్నా గర్వంగా తలచుకోదగిన మహనీయురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్.